ఒక ఏడాది మా పెద్దోడు బడికి పోలేదు

2023 ఫిబ్రవరిలో ఒక రాత్రి మా పెద్దోడు హోంవర్క్ రాస్తున్నాడు. అప్పుడు వాడిది రెండో తరగతి. 'ద కోకోనట్ ట్రీ ఈజ్ టాల్' అని పదిసార్లు రాయాలి. ఏడోసారి రాస్తుండగా పక్కన కూర్చుని "కోకోనట్ ట్రీ అంటే ఏందిరా?" అని అడిగాను. తల ఎత్తకుండానే "స్పెల్లింగ్ చెప్పాల్నా?" అన్నాడు.

కిటికీలోంచి చూస్తే ఇంటి ఓనరు వాళ్ళ టెంకాయ చెట్టు కనిపిస్తుంది. వాడు రోజూ దాని కిందే చెప్పులు విడిచి ఇంట్లోకి వస్తాడు. ఆ చెట్టే ఈ మాట అని వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మేముండేది తిరుపతిలో, కొర్లగుంట వైపు. మా ఆయన శ్రీసిటీలో ఒక కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తారు. నేను ఎమ్మెస్సీ బాటనీ చదివి నాలుగేళ్ళు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాను. చిన్నది పుట్టాక మానేశాను. పెద్దోడిని వేసింది ప్రైవేటు స్కూల్లో. ఫీజు, వ్యాను, పుస్తకాలు అన్నీ కలిపితే ఏడాదికి యాభై వేలు దాటేది. పొద్దున ఏడున్నరకు వ్యాను ఎక్కితే, స్టడీ అవర్ అయిపోయి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు. రెండో తరగతికి స్టడీ అవర్ ఏంటని మీరు అడగొచ్చు. నేను మాత్రం అప్పుడు అడగలేదు, అదీ మంచికేననుకున్నాను.

ఆ ఏడాది సోమవారం వచ్చిందంటే వాడికి కడుపునొప్పి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పొట్ట నొక్కి చూసి, "ఆదివారం కూడా వస్తుందా?" అని అడిగారు. రాదన్నాను. "అయితే దానికి నా దగ్గర మందు లేదమ్మా" అన్నారు.

అప్పుడే ఫోన్లో బెంగళూరు వాళ్ళ వీడియోలు చూడటం మొదలుపెట్టాను. పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే తల్లిదండ్రులు. మా ఆయనకు చూపిస్తే "ఇంటర్ వాళ్ళకే చెప్పినదానివి, రెండో తరగతోడికి చెప్పలేవా?" అన్నారు. మేం నమ్మిన మాటల్లో ఇంతకన్నా తప్పు మాట ఇంకోటి లేదు. ఇంటర్ పిల్లలు నా పిల్లలు కారు కదా, అందుకే చెప్పగలిగాను.

అత్తమ్మ మాత్రం "ఇంట్లోనే సదివితే ఐవోరికి బయపడేది ఎప్పుడు, పక్కోడితో కొట్లాడేది ఎప్పుడు?" అన్నారు. భయం మాటకు నవ్వేశాను. కొట్లాట మాట అప్పుడు చెవికెక్కలేదు.

ముందు చట్టం చూసుకున్నాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య. 'నిర్బంధ' అన్న మాట చూడగానే గుండె దడదడలాడింది, పోలీసులు వస్తారేమోనని. తీరా చదివితే ఆ నిర్బంధం ఎక్కువగా ప్రభుత్వం మీదే. పిల్లలను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్‌లో ఉంది గానీ, చేర్పించకపోతే శిక్ష ఏమీ రాయలేదు. హోమ్ స్కూలింగ్ అన్న మాటే చట్టంలో లేదు. చెయ్యొచ్చనీ లేదు, కూడదనీ లేదు. పెద్దయ్యాక పరీక్షల సంగతి చూస్తే, ఎన్‌ఐఓఎస్ అనే కేంద్ర ఓపెన్ స్కూల్లో 3, 5, 8 తరగతులకు సమానమైన ఎ, బి, సి లెవెల్స్ ఉన్నాయి. 14 ఏళ్ళు నిండితే పది రాయొచ్చు. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా పది, ఇంటర్ పెడుతుంది. అంటే దారి ఉంది. ఏప్రిల్లో మాన్పించేశాం. టీసీ చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాల గురించి రాస్తే నాకు మళ్ళీ బీపీ వస్తుంది.

మొదటి కొన్ని నెలలు పండగే. ఈ మాట దాచుకోవడం ఎందుకు!

ఆ జూలై గుర్తుందా? టమేటా కిలో వంద దాటిపోయిన జూలై. మా వీధిలోకి వచ్చే కూరగాయల బండాయన రోజుకో రేటు చెప్పేవాడు. ఒక రోజు పెద్దోడు "నిన్న ఎనభై అంటివి కదా?" అని ఆయన్నే నిలదీశాడు. ఆ రోజు నుంచి వాడికి అదే లెక్కల పాఠం. గ్రాఫ్ పేపరొకటి వంటింటి తలుపుకు అంటించాను. అడ్డంగా తేదీలు, నిలువుగా రూపాయలు. రోజూ పొద్దున బండి దగ్గరికి పోయి రేటు అడిగి, చుక్క పెట్టి, నిన్నటి చుక్కతో గీత కలిపేవాడు. కొన్నాళ్ళకు గీత కాగితం పైఅంచును తాకింది. ఏం చెయ్యాలో వాడికి తోచలేదు, నేనూ చెప్పలేదు. మధ్యాహ్నం చూస్తే ఇంకో కాగితం తెచ్చి పైన అతికించి ఉంది, గీత దాంట్లోకి ఎక్కింది. అత్తమ్మ రసంలోకి చింతపండు పెంచారు. సెప్టెంబరులో గీత జారుకుంటూ వచ్చి, మొదట పెట్టిన చుక్కకన్నా కిందికి దిగింది. "పోయిన నెలే మనం బాగా పండించి దాచిపెట్టుకోనుంటే?" అని అడిగాడు. రెండు పళ్ళు గట్టు మీద పెట్టి, ఎన్నాళ్ళుంటాయో వాడినే చూడమన్నాను. ఆరో రోజు ఈగలు ముసిరాయి. మదనపల్లి మార్కెట్టు, లారీలు, వర్షాలు, రైతు రోడ్డు మీద పంట ఎందుకు పారబోస్తాడు, అన్నీ ఆ రెండు పళ్ళ దగ్గరే మాట్లాడుకున్నాం. అప్పు తెచ్చుకునే తీసివేతలు ఎప్పుడు వచ్చేశాయో నాకే తెలీదు.

ఇంకోసారి అలిపిరి నుంచి నడిచి కొండకు పోయాం. 3,550 మెట్లు అంటారు కదా, నిజమో కాదో తేల్చేస్తానన్నాడు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ పోతున్న ఒకావిడ వెనకే లెక్కపెట్టుకుంటూ నడిచాడు. గాలిగోపురం దగ్గర బజ్జీలు తింటూ లెక్క మర్చిపోయాడు. ఇప్పటికీ ఆ తప్పు బజ్జీలదేనంటాడు. దిగేటప్పుడు బస్సులో, ఘాట్ రోడ్డు మలుపుల్లో బయటికి కనిపించే రాతి పొరలు చూపించాను. కింద ఉన్నది చాలా పాత రాయి, దాని మీద కూర్చున్న పొరలు చాలా తర్వాతవి. రెండింటికీ మధ్య కోట్ల ఏళ్ళ రాయి లేనే లేదు. జియలాజికల్ సర్వే వాళ్ళు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. నేను ఇదంతా గొప్పగా చెబుతుంటే వాడు "ఆ ఏళ్ళన్నీ ఎవురు ఎత్తుకుపోయినారు?" అన్నాడు. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు.

రిషి వ్యాలీ స్కూలు వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల కోసం కార్డుల పద్ధతి తయారు చేశారు. ఒకే గదిలో వేరువేరు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు మీద వాళ్ళు, కార్డు పూర్తి చేసుకుంటూ ముందుకు పోతారు. తర్వాత తమిళనాడు బడులు కూడా ఆ దారి పట్టాయి. ఏడేళ్ళవాడూ నాలుగేళ్ళదీ ఒకే చాప మీద కూర్చునే మా ఇంటికి అది సరిపోతుందనిపించి, పాత పెళ్ళిపత్రికలు కత్తిరించి నేనూ కార్డులు చేశాను. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్కల కోసం ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు. అత్తమ్మ చెప్పిన కొట్లాట ఇదేననుకుని ఊరుకున్నాను.

నవంబరు నుంచి కథ మారింది. మా ఆయనకు నైట్ షిఫ్టులు పడ్డాయి. పగలు ఆయన పడుకోవాలి, కాబట్టి ఇంట్లో గుసగుసల్లోనే పాఠాలు. టమేటాలూ కొండలూ బాగానే ఉన్నాయి గానీ ఒత్తులు ఎవరు నేర్పాలి? 'విద్యార్థి' అన్న మాట వాడు రాసిన ప్రతిసారీ ఒక్కో రకంగా ఉండేది. పద్నాలుగోసారి అనుకుంటా, రబ్బరు విసిరేశాను. వాడి మీదకు కాదు, గోడకే. అయినా విసిరాను. వాడు కాసేపు నన్నే చూసి, "నువ్వు ఇప్పుడు మిస్సువా, అమ్మవా? మిస్సువైతే నేను పోయి అమ్మతో చెప్పుకోవాల" అన్నాడు. ఆ పూట పాఠం లేదు. వంటింట్లోకి పోయి ఊరకే గ్యాసు స్టవ్వు తుడుచుకుంటూ నిలబడ్డాను.

మా వీధిలో పిలకాయలకు తక్కువేం లేదు. కానీ సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా ఒక్కరూ కనిపించరు. స్కూళ్ళు, ఆ తర్వాత ట్యూషన్లు. మావాడు ఒక్కడే గోడకు బంతి కొట్టుకుంటూ, రెండు టీములకూ తనే కామెంటరీ చెప్పుకుంటూ ఆడేవాడు. ప్రతి మ్యాచ్ తనే గెలిచేవాడు. సంక్రాంతి సెలవుల్లో పక్క అపార్ట్‌మెంటు పిల్లలు ఆటకు పిలిచారు. మూడో బంతికే అవుటయ్యాడు. బ్యాటు ఇవ్వకుండా అట్లాగే పట్టుకుని ఇంటికి నడుచుకుంటూ వచ్చేశాడు. బ్యాటు వాడిదే, నిజమే. కానీ ఏడాదిన్నర కింద ఇదే పిల్లోడు అవుటైతే ఏడ్చి, తిట్టి, బ్యాటిచ్చి, మళ్ళీ ఆడేవాడు. అత్తమ్మ ఆ రోజు నాతో ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

ఈ మధ్యలోనే వార్డు సచివాలయం నుంచి ఎడ్యుకేషన్ సెక్రటరీ వచ్చింది. మర్యాదైన అమ్మాయి. ఫోన్లో ఏదో నింపుకుంటూ "బాబు డ్రాపౌటా మేడం?" అని అడిగింది. ఇంట్లో చదువుతున్నాడన్నాను. తను చూపించిన స్క్రీన్ మీద దానికి గడి లేదు. పక్కనే కూర్చుని కంది కాయలు ఒలుస్తున్న అత్తమ్మ మొహం మాడిపోయింది. పిల్లలను బడికి పంపే తల్లులకు అప్పట్లో ప్రభుత్వం ఇచ్చే అమ్మఒడి డబ్బుల మీద ఆశ కూడా పోయింది. దానికి 75 శాతం హాజరు ఉండాలనేవాళ్ళు, మావాడికి హాజరుపట్టీనే లేదు. ఆ పథకం 2020 జనవరిలో మొదలైందే మన చిత్తూరులో. మాకు వాడి ఒకటో తరగతి నుంచీ పడుతూ వచ్చింది.

ఆ తర్వాత మా బావ ఒక బాంబు వేశారు. ఆయనది గవర్నమెంటు ఉద్యోగం, కాగితాల సంగతులు బాగా తెలుసు. "రేపు ఇంజనీరింగ్ సీటుకు లోకలా, నాన్ లోకలా అని అడిగితే ఏం చూపిస్తావు?" అన్నారు. రాజ్యాంగం 371డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, లోకల్ అనిపించుకోవాలంటే అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు మన ప్రాంతంలో, అంటే ఎస్వీ యూనివర్సిటీ పరిధిలో, చదివి ఉండాలి. ఆ నాలుగేళ్ళలో బడికి పోని కాలం ఉంటే ఇక్కడే నివాసం ఉన్నట్టు చూపించాలి. అంటే అదీ ముంచిపోయేదేం కాదు, మూడో తరగతికి అసలు సంబంధమే లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పాఠాల గురించి ఆలోచిస్తుంటే చుట్టూ ఉన్న లోకం కాగితాల మీద నడుస్తోంది.

2024 మార్చి నుంచి బడులు చూడటం మొదలుపెట్టాను. మళ్ళీ ప్రైవేటు వద్దని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. ఒంటిపూట బడుల రోజులు, పన్నెండున్నరకల్లా వదిలేస్తారు, కాబట్టి పొద్దున్నే పోవాలి. మూడు ప్రభుత్వ బడులకు పోయాను. మొదటిదాంట్లో గదులు బ్రహ్మాండం, నాడు-నేడు కింద టైల్సు, బల్లలు, ఫ్యాన్లు. పిల్లలు నన్ను చూసి ఒక్కసారిగా లేచి "గుడ్ మార్నింగ్ మేడం" అని అరిచి మళ్ళీ బొమ్మల్లా కూర్చున్నారు. రెండోదాంట్లో బాత్రూమ్ తాళంచెవి టేబుల్ సొరుగులో ఉంది. వచ్చేశాను. మూడోది మున్సిపల్ ప్రైమరీ, రెండే గదులు, వరండా. నేను గుమ్మంలో నిలబడి ఉండగానే ఇద్దరు పిల్లలు కొట్లాడుకుంటూ వచ్చి టీచర్ కొంగు చెరోవైపు పట్టుకుని పంచాయతీ చెప్పారు. ఆమె నాతో మాట్లాడుతూనే, "వాడు ముందు తోసినాడా, నువ్వు ముందు తిట్టినావా?" అని తీర్పు మొదలుపెట్టింది. కొత్త మనిషి వచ్చిందని పిల్లలు మాట ఆపలేదు. నాకు కావలసింది అదేనని అప్పుడు తెలిసింది. ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు అన్న సంగతి ఆ తర్వాత తెలిసింది.

హెడ్మాస్టర్ రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. రిజిస్టరు తీసి, "మూడో తరగతి ఎక్కడ చదివినాడమ్మా?" అని అడిగారు.

"ఇంట్లో సార్."

పెన్ను ఆపారు. ఏ స్కూలూ కాదా అని మళ్ళీ అడిగారు. కాదన్నాను. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని చదివి పెట్టుకుని, ఫోన్లో తెరిచి రెడీగా ఉన్నాను. చూపించే అవసరం రాలేదు. "ఎనిమిదిన్నరేళ్ళు, నాలుగో తరగతి" అని తనలో తనే అనుకుని, ముందు చదివిన బడి అన్న గడిలో తెలుగులో 'ఇంటి దగ్గర' అని రాశారు. చేతిరాత ఎంత బాగుందో! ఆన్‌లైన్‌లో మాత్రం అంత సులువుగా కాలేదు. పాత స్కూలు వాళ్ళు పోర్టల్లో వాడి పేరు వదిలితే గానీ, పెన్ అని ప్రతి పిల్లోడికీ ఇచ్చే శాశ్వత నంబరుతో ఇక్కడికి లాక్కోలేరు. దానికి పదకొండు రోజులు తిరిగాను.

సర్కారు బడి స్వర్గమేం కాదు. మొదటి నెలలో తలనిండా పేలు వచ్చాయి, చిన్నదానికీ అంటించాడు. కొత్త బూతులు వచ్చాయి, అదీ ఉచ్చారణ లోపం లేకుండా. రెండు తరగతులను కలిపి కూర్చోబెట్టిన రోజుల్లో తనకొచ్చిన లెక్కలే మళ్ళీ చేసి విసుక్కునేవాడు. ఇంగ్లిష్ మాట్లాడటం పాత స్కూలు పిల్లలతో పోలిస్తే తక్కువే, ఇప్పటికీ. పైగా ప్రభుత్వం మారినప్పుడల్లా బడి ఆకారం మారిపోతుంది. 2022లో 117 జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళలో కలిపారు. మా బడికి దగ్గర్లో హైస్కూలు లేక బతికిపోయింది. 2025లో ఆ జీవో తీసేశారు, మాది మోడల్ ప్రైమరీ అయింది, ఇప్పుడు తరగతికో టీచరు. పథకాల పేర్లయితే వాడికన్నా నేనే ముందు మర్చిపోతున్నాను. మధ్యాహ్న భోజనానికి గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ గారి పేరొచ్చింది. గుడ్డు వారానికి ఐదు రోజులు, అది మారలేదు. శనివారం చక్కెర పొంగలి పెట్టే రోజు మావాడు బడి మానడు, జ్వరమొచ్చినా సరే.

బ్యాటు సంగతి? మొదటి వారంలోనే ఎవడో వాడి చేతిలోంచి లాక్కున్నాడట. మోకాలు గీరుకుని వచ్చాడు. "ఎవర్రా?" అంటే, "మా ఫ్రెండే" అన్నాడు.

అన్నిటికన్నా పెద్ద తేడా ఏమిటంటే, వాడు సాయంత్రం నాలుగుకల్లా ఇంట్లో ఉంటాడు. ఇంటిబడా, సర్కారు బడా అని ఏడాదిపాటు తూకం వేసుకుంటూ కూర్చున్నాం గానీ, మేం పారిపోయింది నిజానికి ఆరింటిదాకా సాగే ఆ రోజు నుంచి. ఒత్తులు, ఎక్కాలు, కొట్లాటలు బడి చూసుకుంటోంది. నాలుగు తర్వాత వాడి టైమ్ మాది. టమేటా గ్రాఫు మళ్ళీ తలుపెక్కింది, ఇప్పుడు ఉల్లిగడ్డది కూడా, వేరే రంగులో. నేను రబ్బరు విసిరి చాలా కాలమైంది. ప్రైవేటు స్కూల్లోనూ నాలుగింటికి వదిలే బడి దొరికుంటే అక్కడే ఉండేవాళ్ళమా అని మా ఆయన అడుగుతారు. ఏమో, ఉండేవాళ్ళమేమో.

పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లిష్. నాలుగో తరగతి పుస్తకంలో ఒకచోట చెట్ల బొమ్మలు. ఇటువైపు కొబ్బరి చెట్టు, అటువైపు కోకోనట్ ట్రీ. మావాడు 'కొబ్బరి' మీద పెన్సిల్‌తో అడ్డగీత కొట్టి, పైన 'టెంకాయ' అని రాశాడు. టీచర్ చూసి, అడ్డగీతకు ఒక ఇంటూ మార్కు, టెంకాయకు ఒక రైటు పెట్టింది.

ఇప్పుడు ఐదో తరగతి. బాగా చదువుతున్నాడు, నవోదయ పరీక్ష రాయించమ్మా అన్నారు హెడ్మాస్టర్. రెండు గంటల పరీక్ష, ఎనభై ప్రశ్నలు, అందులో సగం బొమ్మల పజిల్స్. సీటు వస్తే ఆరు నుంచి పన్నెండు దాకా హాస్టల్లో ఉండి చదవాలి. 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే, మాది టౌను కాబట్టి పోటీ ఎక్కువ. పిల్లోడిని ఇంట్లోంచి కదలనివ్వనన్న నేను ఇప్పుడు హాస్టలు ఫారం పట్టుకుని కూర్చున్నానని అత్తమ్మ నవ్వుతున్నారు.

ఫారం నింపడానికి పోయాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఎక్కడ చదివాడో ఏడాదికొక వరుస. మూడో తరగతి దగ్గర హెడ్మాస్టర్ పెన్ను మళ్ళీ ఆగింది. "ఒక్కో తరగతీ గుర్తింపున్న బడిలో ఏడాది నిండా చదివుండాలమ్మా. నా రిజిస్టర్లో అయితే రాసినా. ఇది నా రిజిస్టరు కాదు కదా" అన్నారు. పై ఆఫీసులో ఒక మాట కనుక్కుంటానని, ఫారం సొరుగులో పెట్టుకున్నారు.

ఆ గడి సంగతి వాడికి ఇంకా చెప్పలేదు. రాత్రి అన్నం తింటూ, "నవోదయ ఎక్కడుండేది?" అని అడిగాడు. మన పాత చిత్తూరు జిల్లాది వలసపల్లిలో, మదనపల్లి దగ్గర అన్నాను.

"టమేటా మార్కెట్టుండే మదనపల్లా?"

"ఆ, అదే."

"పరీక్ష సంగతి తర్వాత. ముందు ఒకసారి పోయి మార్కెట్టు చూసొద్దాం" అన్నాడు. ఆదివారం మా ఆయనకు సెలవు. పొద్దున్నే బస్సుకు పోతున్నాం. గ్రాఫ్ పేపరు మడిచి ఇప్పుడే బ్యాగులో పెట్టుకున్నాడు.